దాల్చినచెక్క మంట

ఆ ఇంటివాళ్ళు ఆమెను అందం చూసి కోడలిగా చేసుకోలేదు, చదువు చూసీ కాదు. ముక్కు చూసి చేసుకున్నారు. అలాగని అదేదో తీర్చిదిద్దినట్టుండే ముక్కు కాదు, కాస్త చప్పిడి ముక్కే. అప్పట్లో ఆమె ఒక సబ్బుల ఫ్యాక్టరీలో అట్టపెట్టెలకు టేపు అంటించే పని చేసేది. అత్తర్లు, సెంట్లు తయారుచేసే ఒక పెద్దాయన ఏదో బేరం మీద అక్కడికి వచ్చి ఆమె పక్కనుంచి నడిచి వెళ్తుంటే, తలెత్తకుండానే అంది:

"అయ్యా, మీ సంచిలో ఏదో నూనె పాడైంది. నిమ్మనూనె అనుకుంటా, ముక్కిపోయిన వాసన వస్తోంది."

పెద్దాయన అక్కడే సంచి దించి ఒక్కో సీసా మూత తీసి చూశాడు. నాలుగోది నిమ్మనూనె. మూత తీస్తే గానీ ఆయనకే తెలియలేదు. నలభై ఏళ్ళుగా ఆయనకు తిండి పెట్టిన ముక్కు ఆయనది. మూతవేసిన సీసాలోంచి, సబ్బుల వాసనల మధ్యలోంచి, ఈ పిల్ల ఎలా పట్టుకుందో అర్థంకాక నిలబడిపోయాడు. నెల తిరక్కుండా వాళ్ళింటికి వెళ్ళి, "మీ అమ్మాయిని మా అబ్బాయికి ఇస్తారా?" అని అడిగాడు.

అది జరిగి పదేళ్ళయింది.

వాళ్ళది మూడంతస్తుల ఇల్లు. కింద వీధివైపు దుకాణం, వెనక సీసాలు నింపే హాలు. రెండిటికీ మధ్య అద్దం తలుపున్న ఒక చిన్న గది. ఆ గదిలో నాలుగు గోడలకూ అల్మారాలు, వాటి నిండా మూడొందల చిల్లర సీసాలు, ఒక తూకం యంత్రం, ఒక కుర్చీ. ఆ కుర్చీ కోడలిది. పొద్దున తొమ్మిదింటికి అందులో కూర్చుంటే సాయంత్రం దాకా లేచేది కాదు. కాగితపు పట్టీలు నూనెల్లో ముంచి వాసన చూడటం, చుక్కలు లెక్కపెట్టి కలపడం, మళ్ళీ చూడటం. ఆ ఇంటి సరుకంతా ఆమె ముక్కు దాటాకే బయటికి వెళ్ళేది. బజారులో ఆమెను అందరూ 'ముక్కు కోడలు' అనేవాళ్ళు, గౌరవంగానే.

ఆ గౌరవం కోసం ఆమె వదులుకున్నవి చాలానే ఉన్నాయి. ఉల్లిపాయ తినకూడదు, వెల్లుల్లి ఊసే ఎత్తకూడదు. కాఫీ వద్దు. వంటింటి గడప తొక్కకూడదు. వానలో తడిస్తే జలుబు చేస్తుంది కాబట్టి మబ్బు పట్టిన రోజు బయటికి పోకూడదు. బస్సులూ లారీలూ తిరిగే రోడ్డు మీద నడవకూడదు. పుట్టింటికి వెళ్ళినా పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేయాలి, ఎందుకంటే వాళ్ళమ్మ పొయ్యిలోంచి పొగ విపరీతంగా వస్తుంది. ఇవన్నీ పెద్దాయన పెట్టిన షరతులు. కోపంగా ఏనాడూ చెప్పలేదు. "ముక్కు జాగ్రత్త తల్లీ" అనేవాడు, అంతే. ఆ ఒక్క మాటతో ఇల్లంతా ఆమె చుట్టూ కాపలా కాసేది.

"నన్ను చేసుకున్నప్పుడు ఈయన నా మొహమైనా సరిగ్గా చూడలేదే" అని అత్తగారు నవ్వేది. "నీ ముక్కుకు మాత్రం పరుపేసి పడుకోబెట్టమంటారు."

కోడలూ నవ్వేది. ముక్కు ఉన్నందుకు మొదట్లో మురిసిపోయిన మాట నిజమే. అదే తనకు ముకుతాడు అవుతుందని అప్పుడేం తెలుసు?

పదో ఏడు చలికాలంలో ఆమెకు జ్వరం వచ్చింది. నాలుగు రోజులు ఒళ్ళు కాలిపోయింది, అయిదో రోజు తగ్గింది. ఆరో రోజు మధ్యాహ్నం కాస్త ఓపిక వచ్చి వంటింటి పక్క గదిలో కూర్చుని కూతురి బడి లెక్కలు చూస్తోంది. అత్తగారు పాలు పొయ్యి మీద పెట్టి, ఆరిన బట్టలు తేవడానికి మేడ మీదికి వెళ్ళింది. తిరిగి వస్తూనే మెట్ల మీద నుంచి కేక పెట్టింది:

"ఇల్లంతా మాడు కంపు కొడుతుంటే ఇక్కడే కూర్చుని ఉన్నావా!"

కోడలు తలెత్తి చూసింది. వంటింట్లోంచి నల్లటి పొగ వస్తోంది. కళ్ళకు కనిపిస్తోంది. ముక్కుకు ఏమీ లేదు.

"జ్వరం పడి లేచిన మనిషివి, నీరసం" అని అత్తగారే సర్దిచెప్పుకుంది. కోడలు ఆ మాట పట్టుకుని తప్పించుకుంది. కూతురిని దగ్గరకు లాక్కుని జుట్టులో ముఖం పెట్టింది. ఏడేళ్ళ పిల్ల, పొద్దున్నంతా ఎండలో ఆడి వచ్చిన తల. రోజూ అక్కడ ఉండే వాసన ఆ రోజు లేదు. పిల్ల నవ్వుతూ విదిలించుకుంది గానీ తల్లి వదల్లేదు, ఇంకోసారి, ఇంకోసారి పీల్చింది.

మర్నాడు కింద సీసాల గదిలోకి వెళ్ళి తలుపు గడియ పెట్టుకుంది. గులాబీ మూత తీసింది, నీళ్ళు. గంధం, నీళ్ళు. వట్టివేరు, మల్లె, నిమ్మగడ్డి నూనె, అన్నీ నీళ్ళే. వరసగా ఇరవై సీసాలు చూశాక దాల్చినచెక్క నూనె చేతికి వచ్చింది. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకోగానే లోపల సన్నగా, వెచ్చగా చురుక్కుమంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ సీసా గుండెకు హత్తుకుని నేల మీద కూలబడింది. హమ్మయ్య, ఒక్కటైనా మిగిలింది, మిగతావి కూడా వస్తాయి అనుకుంది.

ఆ సంతోషం ఒక్క పూటే నిలిచింది. సాయంత్రం అత్తగారు లేకుండా చూసి వంటింట్లోకి వెళ్ళి కారం డబ్బా మూత తీసింది. అదే చురుకు, అదే వెచ్చదనం. తనకు తెలిసేది దాల్చినచెక్క వాసన కాదు, దాని మంట. ఒంటి మీద ఎక్కడ పెట్టినా తెలిసేదే అది. దానికి ముక్కు అక్కర్లేదు.

డాక్టరుకు చూపించుకుందామంటే వీళ్ళ డాక్టరు పెద్దాయన స్నేహితుడు, రోజూ సాయంత్రం వచ్చి పేపరు చదివి పోతాడు. వేరే డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే ఎందుకో, ఎక్కడికో చెప్పి ఇల్లు కదలాలి. మొగుడికి చెబుదామా అని రెండు మూడుసార్లు నోటి చివరిదాకా వచ్చింది. అతను మంచివాడే. కానీ ఏ మాటా వాళ్ళ నాన్న దగ్గర దాచలేడు. దాచమని అడిగితే మొహమే చెప్పేస్తుంది. వారం ఆగుదాం, తగ్గిపోతుంది అనుకుంది. వారం నెలయింది, నెల మూడు నెలలయింది. మొదటి రోజు చెప్పి ఉంటే అది జబ్బు. మూడు నెలల తర్వాత చెబితే అబద్ధం. ఆ తేడా ఆమెకు బాగా తెలుసు, తెలిసేకొద్దీ నోరు ఇంకా మూతపడేది.

పాత సరుకుతో చిక్కు లేదు. ఏది ఎన్ని గ్రాములో పుస్తకంలో రాసే ఉంది. కానీ వచ్చిన గంధం ప్రతిసారీ ఒకేలా ఉండదు, ఏ నూనె ఎంత ఘాటుగా వచ్చిందో చూసి సర్దాల్సింది ముక్కే. అందుకో ఉపాయం కనిపెట్టింది. సీసాలు నింపే హాల్లో ఒకామె పనిచేసేది, నలభై అయిదేళ్ళ మనిషి. చేతిలో ఎప్పుడూ గరాటు ఉంటుందని అందరూ 'గరాటు అక్క' అనేవాళ్ళు. కోడలు పట్టీ ఒకటి ముంచి ఆమె ముందు పెట్టి, పిల్లలకు పరీక్ష పెట్టినట్టు అడిగేది:

"చెప్పు చూద్దాం అక్కా, ఇందులో ఏముందో?"

"నన్నడుగుతారేంటమ్మా! తడిసిన గోనెసంచి వాసన వస్తోంది, కిందేదో తీపిగా."

"పోయినసారి కన్నా ఎక్కువా, తక్కువా?"

"గోనె ఎక్కువ, తీపి తక్కువ."

కోడలు తల ఊపి లోపలికి వెళ్ళి దాన్నిబట్టి సర్దుకునేది. గరాటు అక్క అదో ఆట అనుకుని, "మీరు నన్ను కూడా ముక్కు మనిషిని చేసేట్టున్నారే" అని మురిసిపోయేది.

అలా నెట్టుకొస్తుండగా హోటళ్ళావిడ వచ్చింది. నాలుగైదు ఊళ్ళలో పెద్ద హోటళ్ళున్న మనిషి. దిగిన అతిథులందరికీ ఒక చిన్న సెంటు సీసా కానుకగా ఇవ్వాలట, ఎక్కడా లేని కొత్త వాసన కావాలట, అదీ రెండు నెలల్లో. కోడలు నోరు తెరిచేలోపే పెద్దాయన మాట ఇచ్చేశాడు: "మా కోడలు చేస్తుంది."

కొత్తది చేయడానికి పుస్తకం పనికిరాదు, పోయినసారితో పోల్చి చెప్పే గరాటు అక్క ఆటా పనికిరాదు. కోడలు ఆ రెండు నెలలు గదిలో ఎలా గడిపిందో ఆమెకే తెలుసు. పదేళ్ళ జ్ఞాపకంలోంచి గంధం, సాంబ్రాణి, కాస్త నారింజ తొక్క తీసుకుని ఒక పునాది వేసింది. అది బాగుందో లేదో తెలియదు. కాగితం చూసి చేసిన వంట రుచి చూడకుండా వడ్డించినట్టుంది ఆమె పని. చివరికి దాల్చినచెక్క నూనె తీసింది. మామూలుగా అంత పాత్రకు నాలుగు చుక్కలు మించి వెయ్యరు, తోలు మీద మండే సరుకది. నాలుగు వేసింది, ఏమీ తెలియలేదు. పది వేసింది. ముప్ఫై వేసింది. ఎక్కడో ముక్కు లోపల మెల్లగా వెచ్చబడింది. ఆ వెచ్చదనం కోసం ఆమె ప్రాణం కొట్టుకుపోయింది. ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ వేస్తూ పోయి, బాగా తెలిసేదాకా ఆపలేదు.

హోటళ్ళావిడ పట్టీ వాసన చూసి కళ్ళు మూసుకుంది. "అబ్బ! చలిలోంచి వెచ్చటి ఇంట్లోకి వచ్చినట్టుంది" అంది. "ఇంత ధైర్యంగా చేసినవాళ్ళను నేను చూడలేదు. అయిదువేల సీసాలు కావాలి."

పెద్దాయన మోకాళ్ళ నొప్పులతో మెట్లు దిగడమే మానేశాడు, అయినా ఆ రోజు కొడుకు చెయ్యి పట్టుకుని దిగి వచ్చాడు. పట్టీ ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాడు. కోడలి వైపు ఒకసారి చూశాడు. "బాగుంది" అన్నాడు.

ఊపిరి పీల్చుకోవాలో ఏడవాలో ఆమెకు తోచలేదు. తప్పు అని ఎవరైనా అని ఉంటే అక్కడే కాళ్ళ మీద పడి చెప్పేసేది. అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకోవడంతో ఉన్న ఒక్క దారీ మూసుకుపోయింది.

సీసాలు నింపడం మొదలైంది. మూడో వారంలో ఒకరోజు కోడలు చేతులు కడుక్కుందామని హాలు వెనక కుళాయి దగ్గరికి వెళ్ళింది. అక్కడ గరాటు అక్క చేతులకున్న రబ్బరు తొడుగులు తీసి, చల్లటి నీళ్ళ ధార కింద చేతులు పెట్టుకుని, పళ్ళు బిగించి నిలబడి ఉంది. కోడలిని చూసి గబుక్కున చేతులు కొంగులో దాచుకుంది.

"ఏవి, చూపించు."

"ఏం లేదమ్మా. ఇంట్లో కొత్త సబ్బు కొన్నా, పడలేదు."

"చూపించమన్నానా."

వేళ్ళ సందుల్లో ఎర్రగా పొక్కులు. అరచేతుల్లో చర్మం పగిలి రక్తం చెమర్చింది. మణికట్టు దాకా ఉబ్బి ఉంది.

"ఎప్పటినుంచి?"

"తొడుగుల్లేకుండా మొదటి రెండ్రోజులు నింపానమ్మా, అప్పుడే మొదలైంది. తర్వాత తొడుగులు వేసుకున్నా ఆగలేదు." గరాటు అక్క గొంతు తగ్గించింది. "దాల్చినచెక్క బాగా ఎక్కువైంది కదా."

"నీకు తెలుసా?"

"మూత తీస్తేనే కళ్ళు మండుతుంటే తెలీకేమమ్మా? మీ ముక్కు తెలిసీ నేనేమంటాను? హోటళ్ళ వాళ్ళే అలా అడిగారేమో అనుకున్నా. పెద్దవాళ్ళు బాగుందన్నాక చెప్పడానికి నేనెవర్ని?"

కోడలు ఆ చేతులు పట్టుకోబోయి ఆగిపోయింది. తన చేతులకు కూడా ఆ నూనె అంటి ఉంటుందేమో. వాసన చూసి తెలుసుకునే దారి తనకు లేదు.

చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని తిన్నగా మూడో అంతస్తుకు వెళ్ళింది. పెద్దాయన కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"మావయ్యగారూ, నాకు వాసన తెలియడం లేదు. జ్వరం వచ్చినప్పటినుంచీ. ఆర్నెల్లయింది."

ఆయన ఉలిక్కిపడలేదు. "కూర్చో" అన్నాడు. ఆమె కూర్చోలేదు.

"నాకు తెలుసు" అన్నాడాయన. "ఆ రోజు పట్టీ చూసినప్పుడే తెలిసింది. ముక్కున్న మనిషెవరూ అంత దాల్చినచెక్క వెయ్యరు."

"మరి బాగుందన్నారే?"

"ఆవిడకు నచ్చింది కదమ్మా. నేను కాదంటే అక్కడే అందరి ముందూ నీ పరువు పోయేది. ఇంటి పరువూ పోయేది."

"గరాటు అక్క చేతులు పుండ్లయ్యాయి. రేపు అది మెడలకు రాసుకునేవాళ్ళ సంగతేమిటి?"

"ఆమెకు మందు ఇప్పిద్దాం. మిగతా సరుకులో పాళ్ళు తగ్గిద్దాం, ఎవరికీ తెలియదు." ఆయన ముందుకు వంగాడు. "ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు."

"చెప్పకు. ఇకమీదట సీసాలు పైకి పట్టుకురా, నేను వాసన చూసి చెబుతాను. నువ్వు రోజూ మామూలుగా ఆ గదిలో కూర్చో, చాలు. జనం నువ్వే చేస్తున్నావనుకోవాలి."

"ఎన్నాళ్ళు?"

"నేనున్నన్నాళ్ళు."

"తర్వాత?"

పెద్దాయన మొహంలో మొదటిసారి చిన్న వెలుగు కనిపించింది. "చిన్నదాని ముక్కు చురుగ్గా ఉంది తల్లీ, గమనించావా? నిన్న బడి నుంచి వస్తూనే వంటింట్లో ఏముందో మెట్ల మీదే చెప్పేసింది. ఇప్పటినుంచే కాస్త జాగ్రత్తగా పెంచితే, ఇంకో పదేళ్ళలో..."

ఆయన ప్రేమగానే అన్నాడు. ఆ ప్రేమకే ఆమె భయపడింది. తన కూతురు ఆ అద్దం తలుపు వెనక కూర్చుని ఉన్నట్టు, చుట్టూ ఇంటిల్లిపాదీ కాపలా కాస్తున్నట్టు కళ్ళకు కట్టింది. ఇంకో మాట లేకుండా వెనక్కి తిరిగి మెట్లు దిగింది. పైనుంచి "అమ్మాయ్! అమ్మాయ్!" అని పిలుస్తూనే ఉన్నాడు.

హాల్లో నలుగురు ఆడవాళ్ళు సీసాలు నింపుతున్నారు. ఆమె మొగుడు పెట్టెల మీద చీటీలు అంటిస్తున్నాడు.

"ఆపండి" అందామె. "అన్నీ మూతలు పెట్టేయండి. ఈ సెంటు పనికిరాదు. నాకు ఆర్నెల్లుగా వాసన తెలియడం లేదు. మంట తెలిసేదాకా దాల్చినచెక్క పోశాను. తప్పంతా నాది."

ఒకామె ముక్కున వేలేసుకుని, ఆ సమయంలో ముక్కు మీద వేలు బాగుండదని తోచిందేమో, చటుక్కున దించేసింది.

మొగుడు చీటీ చేతిలో పట్టుకుని అలాగే చూశాడు. "నాన్నకు తెలుసా?"

"ఇప్పుడే చెప్పాను."

"ఆయనకు ముందు చెప్పి, నాకు వీళ్ళందరితో కలిపి చెబుతున్నావా?" అన్నాడు. అరవలేదు. "ఆర్నెల్లు పక్కనే ఉన్నాను కదే."

అతను చీటీల కట్ట పక్కన పెట్టి, ఫోన్ తీసుకుని, హోటళ్ళావిడ నంబరు నొక్కాడు. అంతదాకా అతను తండ్రిని అడక్కుండా ఒక్క ఫోన్ కూడా చేసి ఎరగడు.

అప్పటికే ఎనిమిదొందల సీసాలు వెళ్ళిపోయాయి. ఇద్దరు అతిథులకు మెడ మీద దద్దుర్లు వచ్చాయని హోటళ్ళావిడ కూడా ఆ రోజే ఫోన్ చేద్దామనుకుంటోందట. ఆవిడ నానా మాటలూ అని, సీసాలు తిప్పి పంపి, పని ఇంకో చోట ఇచ్చింది. బజారులో 'ముక్కు కోడలు' అన్న నోళ్ళే 'ముక్కు లేని కోడలు' అని నవ్వాయి. పాత ఖాతాదారులు ముగ్గురు మొహం చాటేశారు. పెద్దాయన ఆమెతో మాట్లాడటం మానేశాడు. అత్తగారు మాత్రం మర్నాడు పొద్దునే కోడలిని వంటింట్లోకి పిలిచి, ఆమె చేతికి కత్తిపీట ఇచ్చి, "ఇక నీకేం అడ్డమే, తరుగు" అంది. అది ఎత్తిపొడుపో, జాలో కోడలికి ఇప్పటికీ తెలియదు. ఉల్లిపాయలు తరుగుతూ ఏడుస్తుంటే మాత్రం ఎవరూ ఎందుకని అడగలేదు.

మొగుడు పది రోజులు ముభావంగా తిరిగాడు. పదకొండో రోజు తనే వేరే ఊళ్ళో ఉన్న ముక్కు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన చూసి, జ్వరాల తర్వాత ఇలా జరుగుతుంది, రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. రోజుకు రెండు పూటలా నాలుగు రకాల వాసనలు వరసగా చూస్తూ ఉండమన్నాడు: గులాబీ, నిమ్మ, నీలగిరి, లవంగం. "వాసన చూసేటప్పుడు అది ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోండి" అన్నాడు. తిరుగు ప్రయాణంలో బస్సులో మొగుడు అన్నాడు: "నాకు చెప్పి ఉంటే నాన్నకు చెప్పేవాణ్ణే. నిజమే. అందుకే చెప్పలేదు కదా?" ఆమె అతని భుజానికి తల ఆనించింది. అతను జరగలేదు.

గరాటు అక్క చేతులు మానడానికి రెండు నెలలు పట్టింది. మానేదాకా ఇంట్లో కూర్చోబెట్టి జీతం ఇచ్చారు. తిరిగి వచ్చిన రోజు కోడలు హాల్లో ఒక బల్ల వేయించి, "ఇకనుంచి గరాటు వద్దక్కా, ఇక్కడ కూర్చో. నువ్వు వాసన చెప్పు, నేను పాళ్ళు చెబుతా" అంది.

"నాకేం తెలుసమ్మా? గోనెసంచి, తడిమట్టి, ఇలాంటివే వస్తాయి నా నోట."

"అవే కావాలి."

కొత్త పద్ధతి కుంటుతూ నడిచింది. ఒక్క మనిషి ఒక పూటలో చేసే పని ఇద్దరికి మూడు రోజులు పట్టేది. ఇద్దరూ పోట్లాడుకునేవాళ్ళు కూడా. "తీపి అంటే ఏ తీపి అక్కా, చెరుకా, పండా?" అని ఒకరు, "తీపంటే తీపేనమ్మా!" అని ఇంకొకరు. సాయంత్రం అయిదు కొట్టగానే గరాటు అక్క పట్టీలు పక్కన పడేసి ఇంటికి వెళ్ళిపోయేది.

డాక్టరు చెప్పిన నాలుగు సీసాలూ పొద్దునా సాయంత్రమూ గరాటు అక్కే కోడలి ముక్కు దగ్గర పెట్టేది. మూడు నెలలు ఏమీ లేదు. నాలుగో నెలలో ఒక పొద్దున లవంగం సీసా పెట్టగానే కోడలు మొహం చిట్లించి వెనక్కి వాలింది.

"ఏమైందమ్మా?"

"కంపు! టైరు కాలుతున్నట్టు."

"లవంగం కదమ్మా ఇది."

"తెలుసు. మంట కాదక్కా ఇది, కంపు. ఇంకోసారి పెట్టు."

ఇంకోసారీ అదే కంపు. కోడలు ఆ కంపు పీలుస్తూ కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత నెలలోనూ లవంగం టైరులాగే ఉంది, మిగతా మూడూ నీళ్ళలాగే ఉన్నాయి.

ఆ సంగతి పైకి ఎలా పాకిందో గానీ, పెద్దాయన ఆమెను పిలిపించాడు. నోరు విప్పడం అదే మొదలు. "వస్తోందటగా" అన్నాడు. "లవంగంతోనే మొదలైంది, మంచిదే. గది తుడిపించనా తల్లీ?"

కోడలు ఆయన ఎదుట కుర్చీ లాక్కుని కూర్చుంది.

"వాసన పూర్తిగా వచ్చినా ఆ గదిలో కూర్చోను, మావయ్యగారూ. హాల్లో అందరితో పాటు కూర్చుంటాను. చిన్నది కూడా కూర్చోదు. దానికి ఇష్టమైతే పెద్దయ్యాక అదే వచ్చి చెబుతుంది. మనం అడగొద్దు."

పెద్దాయన కిటికీ వైపు తిరిగాడు. ఆమె లేవలేదు. ఆయన అటు తిరిగే అడిగాడు:

"కింద ఇవాళ ఏం కలుపుతున్నారు?"

"గంధంలోకి జాజికాయ. పాళ్ళు కుదరడం లేదు. గరాటు అక్క చెక్కపొట్టు అంటోంది, నాకు అర్థం కావడం లేదు."

"చెక్కపొట్టా?" ఆయన భుజాలు కాస్త కదిలాయి. "అంటే జాజికాయ పాతది. పట్టీ ఒకటి పైకి పంపు." ఆమె మొహం చూడకుండానే మళ్ళీ అన్నాడు: "ఆమెనే తీసుకురమ్మను. ఆ గరాటు మనిషిని."